వినోదం పద్దు

కళింగపట్నం ఒడ్డున నలుగురిలో దేవి పరువు తీసింది మనిషి కాదు, ఫోను.

జూన్ పదకొండో తారీఖు. వేట నిషేధం ముగియడానికి ఇంకా నాలుగు రోజులుంది. పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. మగవాళ్లు వలలు ముందేసుకుని చిరుగులు కడుతున్నారు. తుఫాను షెల్టరు నీడలో ఆడవాళ్లు బుట్టలు బాగుచేసుకుంటున్నారు. దేవి పాత బుట్ట అంచుకి ప్లాస్టిక్ వైరు చుడుతోంది. రెండు చేతులూ ఖాళీ లేవు, వైరు కొస పళ్ల మధ్య ఉంది, ఫోను ఒళ్లో ఉంది. సముద్రం హోరుకి వినపడదని సౌండు పూర్తిగా పెంచి పెట్టింది. అదే చేసిన తప్పు.

"పదివేలు ఎప్పటికి కూడతాదో సెప్పు" అని పళ్ల సందులోంచే అడిగింది.

ఫోను గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, రేడియోలో వార్తలు చదివినట్టు మొదలెట్టింది. "దేవి గారూ, నమస్కారం. మీ లక్ష్యమైన పది వేల రూపాయలు నవంబరు నెల వరకు సమకూరే అవకాశం లేదు. జనవరి నుండి మీరు వినోదం కోసం డెబ్బై ఎనిమిది వేల రూపాయలు ఖర్చు చేశారు. దయచేసి వినోదాన్ని తగ్గించుకోండి."

వైరు కొస దేవి నోట్లోంచి జారిపోయింది.

ముందు తేరుకుంది కూర్మమ్మే. అరవై దాటిన మనిషి, నోరు మాత్రం ఇంకా ఇరవైలోనే ఉంది. "ఓలమ్మో! డెబ్బై ఎనిమిది వేలే! సినిమా హాలు గానీ కొనేసినావేటే?"

ఫోను ఊరుకుంటే బావుండేది. "అలాగే చేపల భోజనానికి ఎనభై తొమ్మిది వేల ఏడు వందలు ఖర్చు చేశారు. నలుగురు సభ్యులున్న కుటుంబానికి ఇది చాలా ఎక్కువ."

"నలుగురు కాదమ్మా, నాలుగు తిమింగలాలు!" అంది జగ్గమ్మ, బుట్ట పక్కన పడేసి కడుపు పట్టుకుని. శైలజ అందరికంటే చిన్నది, కొత్తగా బుట్ట ఎత్తుకున్న పిల్ల, పాపం నవ్వకూడదని చెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు వలల దాకా పాకింది. అక్కడ దేవి మొగుడు సోములు ఉన్నాడు. వాడు నవ్వలేదు. చేతిలో నూలుకండె అలాగే పట్టుకుని పెళ్లాం వంక చూశాడు.

ఇంటికెళ్లే దారిలో అడిగాడు. "సీటీ గానీ కట్టినావేటే, నాకు తెలకుండా?"

"డెబ్బై ఎనిమిది వేలు నా మొకానికి ఎక్కడివయ్యా? మనింట్లో అంత డబ్బు ఎప్పుడైనా సూసినావా?"

"నాను సూడనేదు. ఫోను సూసినాది కదా."

ఇదీ వరస. పదిహేనేళ్లు కాపురం చేసిన ఆడది చెప్పిన మాటకి లేని విలువ, ఆరు నెలల కిందట కొన్న ఫోను మాటకి వచ్చింది. దేవికి ఒళ్లు మండిపోయింది. మండినా నోరు విప్పలేదు. ఎందుకంటే అసలు బాధ వినోదం కాదు, నవంబరు.

ఆ పదివేలు ఎందుకో చెప్పాలి. ఒడ్డున చేపల పాట జగన్నాధం పెడతాడు. పడవ దిగిన చేపని గుట్టలు పోయించి, ఒకటోసారి రెండోసారి అంటూ పాట పాడిస్తాడు. అందులో గొంతెత్తాలంటే ఆయన దగ్గర ముందుగా పదివేలు పెట్టాలి. ఆ ధీమా మీద పొద్దున్న కొన్న చేపకి సాయంత్రం డబ్బు కట్టొచ్చు. నిషేధం ముగిశాక జరిగే మొదటి పాటకి ముందు పెట్టినవాళ్లకే ఏడాదంతా చోటు, మధ్యలో చేర్చుకోరు. ఆ గుంపులో ఇంతవరకూ ఒక్క ఆడమనిషి లేదు. దేవి, కూర్మమ్మ, జగ్గమ్మ, శైలజ నలుగురికీ దాలయ్యే పాడతాడు. గుట్ట కొని నాలుగు బుట్టలకి పంచి, సాయంత్రం అమ్ముకొచ్చాక డబ్బు తీసుకుంటాడు. బుట్టకి యాభై నా కష్టం అంటాడు. దాలయ్య సోములుకి వరసకి చిన్నాన్న, అంటే దేవికి మావ.

దేవి బియ్యం డబ్బాలో ఆరువేల రెండొందలు ఉంది. ఏడాది పాటు చీర కొనకుండా, ఆటో దిగి నడిచి కూడబెట్టింది. మిగతా మూడువేల ఎనిమిదొందలు నాలుగు రోజుల్లో రావాలి. రాకపోతే మళ్లీ ఏడాది దాలయ్య బుట్టే.

మర్నాడు పొద్దున్నే, ఇంట్లో గంజి కాచి, దేవి అరుణశ్రీ ఇంటికి వెళ్లింది. అరుణశ్రీ డ్వాక్రా సంఘానికి లెక్కలు రాసే పిల్ల. దేవి అక్క వరస ఆవిడ కూతురు. శ్రీకాకుళంలో డిగ్రీ చదివింది. జనవరిలో ఆ యాప్ ఫోన్లో పెట్టింది ఆ పిల్లే. "రాయక్కర్నేదు పిన్నీ, మాటాడితే సాలు. ఏఐ రాసుకుంతాది" అంది అప్పుడు. "ఏఐ అంటే ఏటి? ఏయ్ అని పిలిస్తే పలుకుతాదా?" అని దేవి అడిగితే అరుణశ్రీ నవ్వలేక చచ్చింది. ఆనాటి నుంచి దేవి రోజూ మధ్యాహ్నం అమ్మకం అయ్యాక ఏ గుమ్మం ముందో కూలబడి, బుట్ట దించి, ఆ రోజు లెక్కంతా దానితో చెప్పేది. ఐసు ఇంత, ఆటో ఇంత, పిల్లలకి పెన్నులు ఇంత. వినే దిక్కు దొరికిందని కాస్త ఎక్కువే చెప్పేది. దానికి లెక్కలమ్మి అని పేరు కూడా పెట్టింది.

"నీ లెక్కలమ్మి నా కాపురం కూల్చీసేలాగుంది, సూడు" అని ఫోను అరుణశ్రీ ముందు పెట్టింది.

అరుణశ్రీ ఇడ్లీపిండి చేయి లంగాకి తుడుచుకుని వేలితో జరుపుకుంటూ చూసింది. చూస్తూ చూస్తూ మూతి బిగించింది. తర్వాత ఆగలేక గట్టిగా నవ్వింది.

"పిన్నీ, రోజూ ఏటని సెప్పీదానివి?"

"ఏటని సెప్తాను? ఉన్నదే సెప్పీదాన్ని."

"ఒకపాలి నాకు సెప్పు, దానికి సెప్పినట్టే."

దేవి బుట్ట పక్కన కూర్చున్నట్టే కూర్చుని చెప్పింది. "పాటకి పన్నెండొందలు, సేతికొచ్చీసరికి పదమూడొందల ఎనభై."

అదీ సంగతి. చేపలమ్మే ఆడది ధర చెప్పేటప్పుడు ముందు పాట చెప్పి తీరుతుంది. గార వీధుల్లో, శ్రీకూర్మం వీధుల్లో ఏ గుమ్మం ముందు బేరం ఆడినా అంతే. "అమ్మా, పాటలోనే పన్నెండొందలు పలికినాది, నీకాడ ఏటి తింతానమ్మా" అని ఒట్టు పెట్టినట్టు చెప్పాలి. అది నాలుకకి పట్టిన అలవాటు. గుట్ట ఎంతకి పోయిందో విని, నాలుగో వంతు తన బుట్టకి ఎంతో నోటితోనే కట్టుకుని, ఆ ముక్క ముందు చెప్పి, తర్వాత దాలయ్యకి ఇవ్వాల్సింది చెప్పేది. కొనేవాళ్లకి చెప్పినట్టే ఫోనుకీ చెప్పింది. ఫోను పుట్టి బుద్ధెరిగాక సముద్రం ఒడ్డు చూళ్లేదు. పాట అంటే దానికి సినిమా పాట. అందుకని పన్నెండొందలు వినోదంలో వేసింది. పదమూడొందల ఎనభై చేపలకి ఇచ్చానంటే, పాపం తినడానికే కొన్నారనుకుని భోజనంలో వేసింది. ఒక్క బుట్టకి రెండు ఖర్చులు. అరవై ఐదు రోజులు.

"నీకు పాటల పిచ్చి అనుకున్నాది పిన్నీ. ఇదిగో, ఈ వినోదం మొత్తం ఒక్క నొక్కుతో తీసెయ్యొచ్చు. ఇదంతా నువ్వు పెట్టని కర్సే కదా. తీసేస్తే నీ లెక్క సక్కగా వస్తాది." అరుణశ్రీ బొటనవేలు ఎర్రటి గుర్తు మీదికి పోయింది.

"ఉండు" అంది దేవి.

ఎందుకు ఆపిందో ఆ క్షణాన దేవికే తెలియదు. ఇంట్లో కాగితం పారెయ్యబోయే ముందు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసే అలవాటు ఉంది చూడండి, అలాంటిదే. నేను పెట్టని ఖర్చు, నిజమే. మరి పెట్టినవాడెవడు? పాట డబ్బు జగన్నాధానికి కట్టింది దాలయ్య. దాలయ్యకి కట్టింది తను.

ఫోను చేతిలోకి తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకుంది. "ఒసే లెక్కలమ్మీ. వినోదానికి ఎంత అన్నావు?"

"డెబ్బై ఎనిమిది వేల రూపాయలు."

"సేపల బోజనానికి?"

"ఎనభై తొమ్మిది వేల ఏడు వందల రూపాయలు."

"రెండిటికీ తేడా ఎంత?"

"పదకొండు వేల ఏడు వందల రూపాయలు, దేవి గారూ."

వంటింట్లో ఇడ్లీ పాత్ర మూత దడదడలాడుతోంది. అరుణశ్రీ లేచి వెళ్లలేదు. దేవికి తేడా ఉందని తెలియక కాదు. ఈ రోజు నూట అరవై, రేపు రెండొందలు, ఎల్లుండి నూట ఎనభై. యాభై నాది, మిగిలింది ఐసుకి, మోతకి, తరుగుకి అని దాలయ్య ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేవాడు. చేపల దాని నోటిలెక్క ముందు ఏ కాలేజీ వాడూ ఆగడు, కానీ ఆ లెక్క ఆ పూటతో సరి. సాయంత్రం డబ్బు కట్టేశాక తుడిచిన పలకే. అరవై ఐదు పూటలు కలిపి ఏ రోజూ చూసుకోలేదు. పదివేలు లేవని ఏడాదిగా ఏడుస్తోంది. మూడు నెలల్లో పదకొండు వేల ఏడొందలు తన చేత్తోనే తీసి ఇచ్చింది.

"ఐసు నాను కొనుక్కుంతన్నాను కదే" అంది మెల్లగా. "రోజూ నలభై రూపాయలు. ఐసు పేక్టరీ కాడ నిలబడి నానే కొనుక్కుంతన్నాను. మరాయన ఏ ఐసుకి తీసుకున్నాడు?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, ఉక్రోషం. ముక్కు ఎగబీల్చి లేచి నిలబడింది.

"పిన్నీ, తీసెయ్యనా మరి?"

"ముట్టుకున్నావంటే సేతులిరగ్గొడతాను. ఆ వినోదం అలగే ఉండనీ. ఇకనుంచి మాత్రం పాట అంటే యేలం పాట అని దానికి నేర్పు."

ఆ సాయంత్రం తుఫాను షెల్టరు కింద ముగ్గురి ముందూ ఫోను పెట్టింది. నిన్నటి నవ్వు ఇంకా వాళ్ల మొహాల మీదే ఉంది. దేవి రెండు అంకెలూ చెప్పించింది, తేడా చెప్పించింది. చెప్పించి, బుట్ట అంచుకి వైరు చుట్టుకుంటూ కూర్చుంది. నలుగురివీ ఒకే గుట్టలోంచి పంచిన బుట్టలు. దేవిది ఎంతో మిగతావాళ్లదీ అంతే. ఎవరిది వాళ్లు లెక్కేసుకోడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"దొంగ సచ్చినోడు" అంది శైలజ.

"అలగనకే" అంది జగ్గమ్మ. "అప్పిస్తన్నాడా నేదా? పొద్దున్న సేతిలో రూపాయి నేకపోయినా బుట్ట నెత్తిన పెడతన్నాడు. ఆడు కాపోతే మనకెవులు పాడతారు?"

"నాను పాడతాను" అంది దేవి.

జగ్గమ్మ చేతిలోని బుట్ట కింద పెట్టింది.

"నాకాడ ఆరువేల రెండొందలున్నాది. మూడువేల ఎనిమిదొందలు తక్కువ. పదివేలు జగన్నాధం బాబుకాడ పెడితే నాను పాడతాను. పాట ఎంతకి పోతే అంతే, నాలుగు బాగాలు. పైన పైసా నేదు. నా పేరున పెట్టినా డబ్బు మాత్రం ఎవులిది ఆలదే; లెక్కలమ్మికి సెప్పి రాయిస్తాను."

"పాట ఎక్కువ పాడీసి మునిగిపోతే?" అంది జగ్గమ్మ. ఆమె భయం అబద్ధం కాదు. ఇంట్లో పక్షవాతం మొగుడున్నాడు.

"నాలుగువేల ఎనిమిదొందల పాటి గుట్టల మీదే ఇన్నాళ్లూ బతికినాం. అయిదువేల రెండొందలు దాటితే మల్లీ మావ బుట్ట దరే అవుతాది, మనకి కూలి కూడా గిట్టదు. పొద్దున్నుంచీ దీన్ని అడిగి అడిగి సంపినాను. అయిదువేల రెండొందల మీద నా నోరు లేస్తే నా నెత్తిన బుట్ట ఎత్తకండి."

కూర్మమ్మ అంతవరకూ ఇసకలో వేలితో ఏదో గీస్తూ కూర్చుంది. "మూడు నెలలకి పదకొండు వేల ఏడొందలైతే" అంది, "ముప్పై ఏళ్లకి ఎంతవుతాదే గుంటా?" ఫోను చెప్పగలదు కానీ దేవి అడగలేదు. కొన్ని లెక్కలు పెద్దవాళ్ల ముందు వెయ్యకూడదు. కూర్మమ్మ లేచి, ఇంటికి పోయి, మందుల సంచీ అడుగున దాచిన పదిహేనొందలు తెచ్చి దేవి బుట్టలో పడేసింది. "నా సావుకి దాసుకున్నాను. సావు కొన్నాళ్లు ఆగుతాదిలే."

మర్నాటికి శైలజ పదమూడొందలు తెచ్చింది. జగ్గమ్మ ఆఖరి దాకా రాలేదు. పద్నాలుగో తారీఖు పొద్దున్న వాకిట్లోకి వచ్చి, నిలబడే, కొంగు ముడి విప్పి రెండు అయిదొందల కాగితాలు ఇచ్చి, "అయిదువేల రెండొందలు. మర్సిపోకు" అని వెళ్లిపోయింది.

సోములు అదంతా చూస్తూనే ఉన్నాడు. వినోదం గొడవ తేలిపోయాక వాడికి సిగ్గు పట్టుకుంది. కానీ ఇప్పుడు సిగ్గుకంటే భయం ఎక్కువ. "తుపానప్పుడు ఇంటి రేకులెగిరిపోతే సిన్నానే రేకులిచ్చినాడే. ఆ మొకం మీద ఎలగ నిలబడతావు?"

"రేకులిచ్చినాడు. కాదన్నానా? ఆ మాట నా పిల్లలకీ సెప్తాను. రేకుల బాకీ రేకులకి తీరుస్తాను, సేపల్లో కాదు." చీర కుచ్చిళ్లు దోపుకుని బయల్దేరింది. సోములు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

జగన్నాధం కొట్టు గట్టు మీద దాలయ్య కూడా ఉన్నాడు. బీడీ కాలుస్తున్నాడు. దేవి పదివేలూ లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. జగన్నాధం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"ఏటమ్మా ఇది?"

"పాటలో నిలబడతాను బాబూ. నా పేరు రాయండి."

"ఆడోలు ఎప్పుడైనా నిలబడ్డారా?"

"నిలబడకూడదని మీ పుస్తకంలో రాసుంటే సూపించండి, ఎలిపోతాను."

జగన్నాధం పుస్తకం వంక చూశాడు, నిజంగా అందులో రాసి ఉందేమో అన్నట్టు. అందులో పేర్లూ అంకెలూ తప్ప ఏమీ లేవు. దాలయ్య బీడీ పారేశాడు.

"ఏటే దేవీ, మావ పాడితే పనికి రానేదా?"

దేవి ఇంటి దగ్గర ఎన్ని మాటలు అనుకుని వచ్చిందో! ఒక్కటీ నోటికి రాలేదు. పెద్దమనిషి, నెరిసిన గడ్డం, తుఫానులో తన ఇంటి మీద రేకు పట్టుకుని నిలబడ్డ చేతులు. అయినా వెనక్కి తగ్గలేదు. "బుట్టకి యాభై అన్నావు మావా. అరవై అయిదు రోజుల్లో రోజుకి నూట ఎనభై తీసినావు."

"ఐసు?"

"ఐసు నాను తెచ్చుకుంతాను. నువ్వు సూస్తానే ఉంతావు."

దాలయ్య మొహం ఎర్రబడింది. "యంత్రం మాట ఇని ఇంట్లోవోడి మీద నోరెత్తుతావేటే?"

"యంత్రం నాకు ఒక్క మాటా సెప్పనేదు మావా. నాను సెప్పిందే దాసిపెట్టి మల్లీ నాకు సెప్పినాది."

జగన్నాధం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడో, డబ్బు డబ్బే కదా అనుకున్నాడో, పుస్తకం తెరిచి దేవి అని రాశాడు. తండ్రి పేరా మొగుడి పేరా అని అడిగాడు. "ఒట్టి దేవి సాలు" అంది.

పదిహేనో తారీఖు చీకటుండగానే పడవలు నీళ్లలోకి దిగాయి. పది గంటలయ్యేసరికి ఒకటొకటే వంశధార సముద్రంలో కలిసే మొగ దాటి ఒడ్డుకి వస్తున్నాయి. అరవై ఒక్క రోజుల తర్వాత ఒడ్డుకి మళ్లీ పచ్చి చేప వాసన వచ్చింది. పిల్లలూ కుక్కలూ కాకులూ ఎవరి తొందరలో వాళ్లున్నారు. కూర్మమ్మా జగ్గమ్మా శైలజా ఖాళీ బుట్టలతో గుంపు వెనక నిలబడ్డారు. దేవి గుంపు లోపల నిలబడింది. చుట్టూ మగవాళ్ల భుజాలు. మడమలు ఇసకలోకి తొక్కి, తోపులాటకి కదలకుండా నిలబడింది.

మొదటి పడవలోనే సోములు వచ్చాడు. కానాగంతలు, మెరుస్తున్నాయి. తోటివాళ్లతో కలిసి తెచ్చి గుట్ట పోశాడు. పోస్తూ పెళ్లాన్ని చూశాడు. వెళ్లబోతూ వెళ్లబోతూ భుజం మీది తడి తువ్వాలు తీసి, ఎండకి, ఆమె నెత్తిన వేసి పోయాడు.

"రెండువేలు" అని జగన్నాధం మొదలెట్టాడు. మూడువేల దాకా గొంతులు గబగబా లేచాయి. దేవి నోరు తెరిచింది, గాలి వచ్చింది, మాట రాలేదు. గార వీధుల్లో రెండు సందుల అవతలికి వినపడే గొంతు! "మూడువేల అయిదొందలు!" అంది చివరికి, అక్కర్లేనంత గట్టిగా. మగవాళ్లు తలలు తిప్పారు. ఎవడో ఈల వేశాడు.

"నాలుగువేలు" అన్నాడు దాలయ్య, ఆమె వైపు చూడకుండానే.

"నాలుగువేల మూడొందలు."

"నాలుగున్నర."

మిగతావాళ్లు తప్పుకున్నారు. అందరికీ అర్థమైపోయింది, ఇది చేపల పాట కాదు, పంతం పాట. నాలుగువేల ఎనిమిదొందలు. అయిదువేలు. దేవి "అయిదువేల రెండొందలు" అంది. దాలయ్య చేతులు కట్టుకున్నాడు. "అయిదున్నర."

మొగుడు పట్టిన చేప. మొదటి రోజు, మొదటి గుట్ట. చుట్టూ అన్ని కళ్లు. ఇంకో మూడొందలు అంటే ఏం పోయింది? నాలుక చివరి దాకా వచ్చింది. వెనక నుంచి జగ్గమ్మ పలకలేదు కానీ, జగ్గమ్మ ఊపిరి బిగబట్టడం వీపుకి తెలిసింది దేవికి. నోరు మూసుకుంది.

"ఒకటోసారి" అన్నాడు జగన్నాధం. "దేవమ్మా, ఉన్నావా?"

"నేదు బాబూ. గిట్టదు."

ఎవడో నవ్వాడు. ఆడదాని పాట అంతే అన్నాడు. మూడోసారి పడింది. గుట్ట దాలయ్యదైంది. అయిదున్నర వేలు! నిషేధం ముందు దాకా నాలుగువేల ఎనిమిదొందలకి కొన్న మనిషి. గెలిచినవాడి మొహంతోనే వెనక్కి తిరిగి, అలవాటు చొప్పున చెయ్యి ఊపాడు. "రండే, బుట్టలట్టుకు రండి."

ముగ్గురు ఆడవాళ్లూ ఉన్నచోటనే ఉన్నారు. కూర్మమ్మ ఆకాశం వంక చూసింది. శైలజ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. ఊపిన చెయ్యి దాలయ్య మెల్లగా దించుకున్నాడు.

రెండో పడవ గుట్ట మీద ఆయన నోరెత్తలేదు. ఎత్తడానికి ఆయన దగ్గర బుట్టల్లేవు, మోసే నెత్తులు లేవు. ఇంకో ఇద్దరు పాడారు. "నాలుగువేల తొమ్మిదొందలు" అంది దేవి. ఈసారి మామూలు గొంతే వచ్చింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. జగన్నాధం పుస్తకంలో రాసుకున్నాడు. అంతే. ఆకాశమేం విరిగి పడలేదు.

నలుగురూ గుట్ట మీద పడి పంచుకున్నారు. చిన్నవీ పెద్దవీ సరిచూసి, నాలుగు బుట్టలు. పన్నెండొందల పాతిక చొప్పున. దేవి పొద్దున్నే నలుగురికీ సరిపడా ఐసు దిమ్మ తెచ్చి గోనెలో చుట్టి పెట్టింది. సుత్తితో కొట్టి ముక్కలు చేసి బుట్టల్లో పరిచింది.

ఎండ ముదిరింది. దాలయ్య తన గుట్ట పక్కనే నిలబడి ఉన్నాడు. వేరే వ్యాపారులు వచ్చి చూసి, ధర అడిగి, వెళ్లిపోతున్నారు. కానాగంతల కళ్లు తెల్లబడటం మొదలైంది. శైలజ మోచేత్తో పొడిచి చూపించింది. "కుళ్లనీ" అంది.

దేవి కాసేపు అటే చూసింది. ఆ చేప పట్టింది తన మొగుడు. పైగా చేప కుళ్లుతుంటే చూస్తూ ఊరుకునే ఆడది ఆ ఒడ్డున పుట్టలేదు. మిగిలిన ఐసు గోనెతో సహా ఎత్తుకెళ్లి దాలయ్య గుట్ట పక్కన దించింది. రెండు చేతులతో ముక్కలు తీసి చేపల మీద పరిచింది. దాలయ్య నిలబడి చూస్తున్నాడు.

"సాయంత్రం దాకా ఆగుతాది మావా. సీకాకుళం పంపించు, అక్కడ గిట్టుతాది."

ఆయన జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. "ఐసుకి ఎంతే?"

"ఐసు డబ్బులు నాను తీసుకోను మావా."

మెత్తగానే అంది. దాలయ్య చెయ్యి జేబులోనే ఆగిపోయింది. తల వంచుకుని చేపల మీద ఐసు సర్దడం మొదలెట్టాడు, అవసరం లేని చోట కూడా.

మధ్యాహ్నం గార దాటాక ఒక అరుగు మీద నలుగురూ బుట్టలు దించారు. మూడు ఖాళీ, ఒకటి అడుగంటింది. దేవి ఫోను తీసి, అలవాటుగా చెప్పింది. "పాటకి నాలుగువేల తొమ్మిదొందలు. నలుగురం."

చెప్పాక కాస్త ఆగింది. చేతికొచ్చేసరికి ఎంత అన్న రెండో ముక్క కోసం నాలుక వెతుక్కుంది. ఆ ముక్క ఇక లేదు.

"వేలం పాట, నాలుగు వేల తొమ్మిది వందల రూపాయలు. చేపల కొనుగోలు కింద నమోదు చేశాను. సరేనా, దేవి గారూ?" అంది ఫోను. పాఠం బాగానే నేర్చుకుంది.

"కాదు" అంది దేవి.

ముగ్గురూ ఆమె వంక చూశారు.

"రేపటికాడినుంచి అలగే రాయి. ఈ ఒక్క పాటా వినోదం కింద రాసెయ్."

కూర్మమ్మ ముందు నవ్వింది. తర్వాత జగ్గమ్మ. ఫోను ఒక క్షణం ఆలోచించి, రాసుకుని, వినోదాన్ని తగ్గించుకోమని మళ్లీ చెప్పింది. దాని మాట ఎవరూ వినలేదు. ఇంకా అడుగున మిగిలిన చేపలు అమ్మాలి. దేవి బుట్ట నెత్తికెత్తుకుని, గొంతు సవరించుకుని వీధిలోకి నడిచింది.

"కానాగంతలమ్మా! పాటలో పన్నెండొందల పాతిక, సేతికీ పన్నెండొందల పాతికే!"